పట్టికలోంచి తీసేసిన శాంపిల్

కరోనా రోజుల్లో నేను దోహాలో ఒక ప్రైవేటు ల్యాబ్‌లో టెక్నీషియన్ని. వైరస్ ఉందో లేదో చెప్పే పీసీఆర్ కిట్ కొత్తగా ఒకటి వచ్చింది. దాన్ని నమ్మవచ్చో లేదో తేల్చే పని నాకు అప్పగించారు. అదేం బ్రహ్మవిద్య కాదు. ఒకే శాంపిల్‌ని పాత కిట్‌తోనూ, కొత్త కిట్‌తోనూ నడపాలి. రెండు జవాబుల్నీ పట్టికలో పక్కపక్కన రాయాలి. ఎక్కడైనా కలవకపోతే మూడో కిట్‌తో మళ్ళీ చూడాలి. ఆ నియమం టైపు చేసి గోడకి అంటించింది నేనే. అంత పద్ధతిగల మనిషిని మరి.

బిర్కత్ అల్ అవామిర్‌లోని కూలీల క్యాంపుల నుంచి శాంపిల్ పెట్టెలు తెచ్చే డ్రైవర్ జగిత్యాల వైపు మనిషి. తెలుగువాడు కాబట్టి పెట్టెలు దించేటప్పుడు రెండు మాటలు మాట్లాడుకునేవాళ్ళం. ఒకరోజు ఆ పెట్టెల్లో తన శాంపిల్ కూడా ఉందని చెప్పాడు.

"అన్నా, జర జల్ది చెప్పు. నిన్నటిసంది ఒళ్ళు నొస్తున్నది. రూముల మా చిన్నబాపు ఉన్నడు, మా నాయిన తమ్ముడు, ఆయనకు షుగరున్నది. రేపటిసంది వంట వంతు నాది."

అతని శాంపిల్‌లో వైరస్ లేదంది పాత కిట్. ఉందంది కొత్తది. అది కూడా ఎప్పుడు, యంత్రం ఆఖరి చుట్లలో ఉండగా తెర మీద గీత సన్నగా లేచింది. వైరస్ కొంచెమే ఉంటే అలాగే ఆలస్యంగా కనబడుతుంది. అప్పుడప్పుడే అంటుకున్నవాళ్ళలో కొంచెమే ఉండొచ్చు. ఇదంతా నాకు తెలియక కాదు.

పట్టికలో అన్నీ కలిశాయి, ఇదొక్కటి తప్ప. మూడో కిట్ పెడితే ఇంకో పూట పడుతుంది. మా సూపర్‌వైజర్ "యల్లా, తొందరగా, సాయంత్రానికి రిపోర్ట్" అంటూ రెండుసార్లు తొంగిచూశాడు. ఆయన తప్పు చెయ్యమనలేదు, ఆయన మీదకి నెట్టను. నూటికి నూరు అని రాసుకోవాలన్న కక్కుర్తి నాదే. "శాంపిల్ పాడైంది" అని ఆ వరస కొట్టేసి, వేరే శాంపిల్‌తో నింపాను. డ్రైవర్‌కి పాత కిట్ జవాబే చెప్పాను.

"ఏం లేదు తమ్ముడూ, నెగెటివే. నిక్షేపంగా వెళ్ళి వండుకో."

అక్కడ సెలవు శుక్రవారం కాబట్టి ఆ రోజే మా తెలుగు చర్చి సంఘం ప్రార్థన ఫోన్లలో జరిగింది. సాక్ష్యం చెప్పేవాళ్ళెవరని అడిగితే నేను ముందుకొచ్చాను. నా చేతి పనిని ప్రభువు నూటికి నూరు చేశాడని చెప్పాను. అందరూ స్తోత్రం అన్నారు. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

తర్వాత డ్రైవర్ కొన్ని వారాలు రాలేదు. వచ్చిన రోజు మనిషి సగమయ్యాడు. నన్ను చూసి మాస్కు సర్దుకున్నాడు.

"చిన్నబాపు పోయిండన్నా. ముందు నాకొచ్చింది, నాతోని ఆయనకు. నువ్వు నెగెటివ్ అన్నంక ధైర్నంగ నా చేత్తోనే వండి పెట్టిన. మూడో నాడు కూరగాయలకు మార్కెట్ల మందిలకు పోయిన. ఆడ్నే అంటుకున్నట్టుంది. పోకుంటే మంచిగుండు."

నోరు తెరిస్తే ఉద్యోగం పోతుందని భయం. అంతకన్నా, అతను నన్ను ఇక "అన్నా" అనడని భయం. అతను నా మొహంలోకి చూస్తూ అడిగాడు.

"ఒక్క మాట చెప్పన్నా. గా టెస్టే తప్పయి ఉంటదా? గట్లయితే నాకు జర పానం నిమ్మలమైతది."

అతను నన్ను నిందించడం లేదు. బతిమాలుతున్నాడు. అవునని ఒక్క మాట అంటే చాలు.

"మా టెస్టుని సరిచూసింది నేనే తమ్ముడూ," అన్నాను. "నూటికి నూరు."

"గట్లనా," అన్నాడు. "అయితే నేనే సంపుకున్న."

పెట్టెలు ఒక్కొక్కటే దించి బల్ల మీద పెట్టాడు. అన్నీ సరిగా అందాయని నేను సంతకం చేశాను.