ఎల్లవ్వ పట్టించిన కవ్వపుతాడు

పక్క ఫ్లాట్‌లో ఎవరో వెన్న కాస్తున్నారు. తమలపాకు వేసినట్టున్నారు, ఆ కమ్మటి వాసనకు నా కుట్టుమిషన్ ఆగిపోయింది, ఎల్లవ్వ గుర్తొచ్చింది. మేము విజయనగరం నుంచి వచ్చి బోయిగూడలో అద్దెకు దిగినప్పుడు ఆమెది పక్కిల్లే. ఇంట్లో మిక్సీ ఉన్నా, తెల్లారగానే గుంజకు కట్టిన కవ్వమే తిప్పేది. చిలికేవాళ్లను "వెన్న వచ్చిందా?" అని అడగకూడదనేది. మొదలుపెట్టినవాళ్లే వెన్న తీయాలనేది. మంకుపట్టులో ఆమె ముందు ఎవరైనా దిగదుడుపే.

అప్పట్లో నేను రాంగోపాల్‌పేట్‌లో ఒక కొట్టుకు జాకెట్లు కుట్టేదాన్ని. బస్సు దిగుతూ పడి కుడి మణికట్టు విరిగింది. కట్టు విప్పాక వేళ్లు పూర్తిగా ముడుచుకోలేదు. కత్తెర పట్టలేని మనిషిని పనిలో ఎన్నాళ్లు ఉంచుకుంటారు? నొప్పికి జడిసి డాక్టరు చెప్పిన కసరత్తు కూడా ఎగ్గొట్టాను. ఒకరోజు చల్లకోసం వెళ్లి, ఆ చేతిని చున్నీ కింద దాచుకున్నాను.

"సల్లకొచ్చి ముంత దాస్తరని విన్న, చెయ్యి దాసేటోళ్లను ఇప్పుడే చూస్తున్న" అని నవ్వి, ఎల్లవ్వ నా రెండు చేతుల్లోనూ తాడు పెట్టింది.

"కుడిచెయ్యి రాదండీ మామ్మగారూ."

"ఎడమచేత్తోని ఒక్కపారే గుంజుతవ్ బిడ్డా. కుడిది గుంజకుంటే కవ్వం మల్ల తిరగదు. జెర జెర గుంజు."

రోజూ ఏడుస్తూ లాగాను. ఆమెకు పట్టే సమయానికి మూడింతలు పట్టేది, అయినా ఆమె చెయ్యి వేయలేదు. ఒక చలి ఉదయం, ఆమె చూడకుండా, వెన్న త్వరగా తేలుతుందని మరిగే నీళ్లు కుండలో పోశాను. వెన్న ముద్ద కట్టకుండా నూనెలా కరిగిపోయింది. వాడకట్టు వాళ్లకు పోసే చల్లంతా పాడైంది. తిట్టినా బాగుండేది.

"గోరెచ్చటివి పొయ్యాలె. మా అత్త దగ్గర నేను సుత గిదే చేసిన. రేపు మల్ల షురూ చెయ్యి."

ఆ మాటకు నాకూ పట్టుదల వచ్చింది. మర్నాటి నుంచి ఒక్కరోజూ మానలేదు. చిలికిన చేతికే మొదటి ముద్ద ఇవ్వడం వాళ్ల ఆనవాయితీ. నేను ఎప్పుడూ ఎడమచెయ్యే చాపేదాన్ని. రెండు నెలలయ్యాక ఒకనాడు ఆమె దాన్ని పక్కకు నెట్టి, ముద్దను కుడి అరచేతిలో పెట్టింది.

"జారిపోతుందండీ!"

"జారనియ్యకు."

నొప్పికి ప్రాణం పోయినంత పనైంది, కానీ వేళ్లు మూసుకున్నాయి. వేళ్ల సందుల్లోంచి వెన్న ఉబికింది. ఆనందంతో భోరున ఏడ్చాను. తర్వాతి సోమవారం కొట్టుకు వెళ్లి కత్తెర పట్టాను.

ఎల్లవ్వ పోయి నాలుగేళ్లు. ఆమె మీద బెంగ ఇంకా తీరలేదు. నా చిటికెనవేలు ఇప్పటికీ పూర్తిగా ముడుచుకోదు. ఇప్పుడు మా ఇంట్లో ముగ్గురు ఆడవాళ్లు కుట్టు నేర్చుకుంటున్నారు. గుడ్డ తప్పుగా కత్తిరించి, నన్ను సరిచేయమని కళ్లనీళ్లు పెట్టుకుంటారు. నేను పక్కన కూర్చుని, కత్తెర తిరిగి వాళ్ల చేతికే ఇస్తాను.