ఇంజన్లు ఆపించినవాడు

మాచర్లలో హమాలీగా ఉన్న రోజుల్లో మిర్చి టిక్కీ బస్తా భుజానికెత్తి, పక్కవాడితో పరాచికాలాడుతూ లారీ ఎక్కేవాడు జయకర్. అలాంటివాడు ఈస్టరుకి ఇంటికొచ్చి, బిందెడు నీళ్లు మేడమీదకి చేర్చలేక మెట్ల మధ్యలో కూలబడ్డాడు.

భార్య ఎలిజబెత్ పరుగెత్తుకొచ్చింది. "సిటీకి పోయి సిగరెట్లు మరిగావా ఏందయ్యా?"

"నోట బెట్టి ఎరగనే..." దగ్గు మాట సాగనివ్వలేదు.

మర్నాడే నరసరావుపేట తీసుకెళ్లింది. డాక్టరు గొట్టంలోకి ఊదించి, పనేమిటని అడిగాడు. జయకర్ కొన్నేళ్లుగా ఓ ఎయిర్‌పోర్టులో లోడరు. సామాన్ల హాలు నేల కింద ఉంటుంది. అక్కడ సామాన్ల బండ్లు లాగే డీజిల్ ట్రాక్టర్లు వరసగా ఆగుతాయి, ఇంజన్లు మాత్రం ఆగవు. ఆ పొగలోనే సూట్‌కేసులు ఎత్తాలి.

"నువ్వు పొగ తాగకపోయినా పొగ నిన్ను తాగుతుంది. ఇప్పుడైతే మందులకి లొంగుద్ది. అట్టాగే నిలబడితే నేను చెప్పలేను," అన్నాడు డాక్టరు.

తిరుగు బస్సులో ఎలిజబెత్ పట్టుబట్టింది. "మానేసి రా. ఇక్కడ పనే దొరకదా?"

"నేనొస్తే నా చోట ఇంకోడు నిలబడతాడే. వాడివీ ఊపిరితిత్తులే గదా."

డ్యూటీకి వెళ్లి తోటివాళ్లను కదిపితే, దగ్గు తనొక్కడిదే కాదని తెలిసింది. త్రికోటేశ్వరరావుకైతే షిఫ్టు దిగేసరికి తల పగిలిపోయేది. అందరూ కలిసి సూపర్‌వైజర్ దగ్గరికెళ్లారు. ఇంజన్లు ఆపుతూ, స్టార్ట్ చేస్తూ కూర్చుంటే ఫ్లైట్లు లేటవుతాయని ఆయన కొట్టిపారేశాడు.

జయకర్ కదల్లేదు. "ఒక్క ఫ్లైటు సామాను ఎత్తేదాకా మాతో నిలబడండి సార్. తర్వాత మీరెట్టా చెబితే అట్టా."

పంతానికే వచ్చాడాయన. కాసేపటికి రుమాలు తీశాడు. సగం సామాను ఎక్కకముందే కళ్లు తుడుచుకుంటూ, "ఆపండయ్యా, ముందు అవి ఆపండి!" అని తనే డ్రైవర్ల మీద అరిచాడు. హాలంతా నిశ్శబ్దం. ఒకరి ఊపిరి ఒకరికి వినబడింది. ఫ్లైటు టైముకే లేచింది.

ఆనాటి నుంచి బండి నిలిస్తే ఇంజను ఆగాల్సిందే. తర్వాత పొగను బయటికి లాగే పంకాలు వచ్చాయి, బ్యాటరీ ట్రాక్టర్లు మొదలయ్యాయి. జయకర్ దగ్గు పూర్తిగా పోలేదు, మందు పీల్చుకుంటూనే ఉన్నాడు. ఆ పని మాత్రం వదల్లేదు.

పక్కింటి షాహిస్తా ఓరోజు అడిగింది. "మీ ఆయన ఆఫీసరయ్యాడంటగా వదినా?"

"లోడరేనమ్మా," అంది ఎలిజబెత్, తల ఎత్తి. "ఆయన మాటకి ఎయిర్‌పోర్టులో బండ్లు ఆగుతున్నయ్యి."