హెల్ప్ పేజీలు తిరగరాసిన నెల

ఆ కాలంలో కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్ళు ఏదైనా అర్థం కాకపోతే తప్పు తమదే అనుకునేవారు. నేను మాత్రం తప్పెప్పుడూ ఎదుటివాళ్ళదే అనుకునే రకం. (ఈ గుణంతో తర్వాత చాలా ఇబ్బందులు పడ్డాను గానీ, ఒక్క మంచిపని కూడా జరిగింది.) తొంభైల చివర్లో, మాదాపూర్ బండరాళ్ళ మధ్య కంప్యూటర్ కంపెనీల కోసం గుండ్రటి భవనం కొత్తగా లేచిన రోజుల్లో, నేను తెనాలి నుంచి వచ్చి లింగంపల్లిలో మా పిన్ని కూతురి గదిలో దిగి, కొత్తగూడలో ఒక డాబా ఇంటి పై అంతస్తులో నడిచే చిన్న కంపెనీలో చేరాను. అక్కడ మేం వాడే ప్రోగ్రామింగు భాష ఎవరి సొత్తూ కాదు. ఎవరైనా ఊరికే తెచ్చుకోవచ్చు, లోపల ఎలా రాశారో చూడొచ్చు, బాగుచేసి తిరిగి పంపొచ్చు. దాంతోపాటే, దాన్ని ఎలా వాడాలో చెప్పే హెల్ప్ పేజీలూ వచ్చేవి. ఇంటర్నెట్ లేకపోయినా బ్రౌజర్‌లో తెరుచుకునేవి.

తెరుచుకోవడం వరకే వాటి గొప్ప. పేర్ల జాబితాను అక్షర క్రమంలో పెట్టడం ఎలాగో చూద్దామని ఒక పేజీ తెరిస్తే, దీనికోసం ఇంకో పేజీ చూడమంది. ఆ ఇంకో పేజీ తెరిస్తే మళ్ళీ మొదటిదే చూడమంది. ఆ రెండింటి మధ్యా ఒకరోజంతా తిరిగి, సాయంత్రానికి మా పెద్దసారు గదిలోకి వెళ్ళాను. కంపెనీ ఆయనదే. కాకినాడ వైపు మనిషి, కోపం వచ్చేకొద్దీ గొంతు తగ్గించేవారు. ఆ పేజీలు రాసినవాళ్ళను నేను పావుగంటసేపు తిడుతుంటే ఓపిగ్గా విని, "ఎవరైనా బాగుచేయొచ్చని మీరే అన్నారు కదండీ. మీరే చేయండి," అన్నారు. నెల తర్వాత పదిమంది కొత్తవాళ్ళు చేరుతున్నారనీ, వాళ్ళు ఆ పేజీలు చూసి సొంతంగా నేర్చుకోగలిగితే సరేననీ, లేకపోతే ఆ భాషే మానేసి వేరేదానికి మారిపోదామనీ చెప్పారు. నాకు ఆ భాషంటే ప్రాణం. చేస్తానన్నాను.

మొదటి పేజీ రాయడానికి మూడు రోజులు పట్టింది. అందులో కంప్యూటర్ పుట్టుక దగ్గర్నుంచీ అన్నీ ఉన్నాయి, పేర్లను వరసలో పెట్టడం తప్ప. అది ఎవరికైనా చూపించి మెప్పు పొందాలని మా ఆఫీసు టైపిస్టు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆమె గోపన్‌పల్లి నుంచి వచ్చేది. నాకంటే పదేళ్ళు పెద్ద, అందరికీ అక్క. ఇంగ్లీషు బాగా చదివేది గానీ ప్రోగ్రామింగు తెలియదు. అక్క మొత్తం చదివి, మళ్ళీ పైకి వెళ్ళి ఇంకోసారి చదివి, "చెల్లె, ఇది తెలిసినోళ్ళకు రాసినవా, తెలువనోళ్ళకు రాసినవా?" అని అడిగింది. తెలియనివాళ్ళకే అన్నాను. "మరి నాకు తెల్వదు, చదివినంక గూడ తెల్వలే. ముందుగాల అది ఏం చేస్తదో ఒక్క మాట చెప్పు. ఎనుక చేసి చూపెట్టు. గంతే."

రెండు రోజులు అక్కతో ముభావంగా ఉన్నాను. మూడో రోజు ఆ పేజీ మొత్తం కొట్టేసి, అక్క చెప్పినట్టే రాశాను. పైన ఒక్క వాక్యం, కింద కాపీ చేసి నడిపించుకోగలిగే ఉదాహరణ. ఈసారి అక్క చదివి, మా ఆఫీసువాళ్ళందరి పేర్లూ టైపు కొట్టి అక్షర క్రమంలో పెట్టి చూపించింది. ఇక నన్ను పట్టేవాళ్ళు లేకపోయారు. రోజుకో పేజీ, ఒక్కోసారి రెండు. బస్సులో నిలబడి కూడా ఉదాహరణలు ఆలోచించేదాన్ని.

ఆ ఊపులోనే ఫైళ్ళు తీసేయడం గురించి పేజీ రాశాను. ఉదాహరణగా ఇచ్చిన ఒక్క వరస కోడు, ఆ ఫోల్డరులో ఉన్న ఫైళ్ళన్నిటినీ తీసేస్తుంది. నేను దాన్ని ఖాళీ ఫోల్డరులో నడిపి చూశాను, ఏ ప్రమాదమూ జరగలేదు. అక్కకు చూపించేంత తీరిక నాకు లేకపోయింది. మర్నాడు పొద్దున పెద్దసారు, పని ఎంతవరకు వచ్చిందో చూద్దామని, ఆ పేజీ తెరిచి ఉదాహరణను కాపీ చేసి నడిపారు. ఆయన దాన్ని నడిపిన ఫోల్డరు ఖాళీది కాదు. ఆ మరుసటి రోజు వచ్చే విదేశీ క్లయింట్ల కోసం ఆయన నెలరోజులుగా తయారుచేసుకున్న పత్రాలన్నీ అందులోనే ఉన్నాయి. ఆయన వచ్చి నా కుర్చీ పక్కన నిలబడ్డారు. "మీ పేజీ చాలా బాగుందండీ. రాసింది రాసినట్టే పనిచేసింది," అన్నారు. ఆ గొంతు వినడానికి నేను ముందుకు వంగాల్సి వచ్చింది.

ఆయన ఫైళ్ళన్నీ పోయిన సంగతి అప్పుడు తెలిసింది. ఉద్యోగం పోతుందన్న భయం కంటే, సారు నా పేజీలన్నీ పక్కన పడేస్తారన్న భయం ఎక్కువైంది. అక్క లేచి బీరువాలోంచి ఒక అట్ట ఫైలు తీసింది. వారం క్రితం సారు దిద్దడానికి తీయించుకున్న ఆ పత్రాల ప్రింటు, ఆయన ఎర్ర గీతలతో సహా ఉంది. "ఫికర్ జెయ్యకు. నువ్వు చదువు, నేను కొడ్త," అంది. నలభై పేజీలు. నేను చదివాను, ఆమె కొట్టింది. మధ్యాహ్నం అన్నం కూడా ఒకరి తర్వాత ఒకరం తిన్నాం. నాలుగు దాటాక సారు చేతిలో పెట్టాం. ఆయన పేజీలు తిప్పి చూసుకుని, మిగిలిన హెల్ప్ పేజీలు ఎప్పటికవుతాయని అడిగారు. ఆ ఒక్క ప్రశ్నతో నా ప్రాణం లేచొచ్చింది.

అప్పటినుంచీ అక్క నడిపి చూడని ఉదాహరణ ఏదీ పేజీలోకి ఎక్కలేదు. ప్రమాదం ఉన్నచోట ఆ మాట మొట్టమొదటే రాశాను. ప్రతి లింకూ నొక్కి చూశాం. నెలాఖరుకి పేజీలన్నీ సముద్రాల అవతల ఆ భాషను చూసుకునేవాళ్ళకు పంపితే, నా ఇంగ్లీషు అక్కడక్కడా సరిచేసి తీసుకున్నారు.

కొత్తవాళ్ళు వచ్చినరోజు నేను ఇస్త్రీ చేసిన చుడీదార్ వేసుకుని, వాళ్ళ సందేహాలు తీర్చడానికి సిద్ధంగా కూర్చున్నాను. పొద్దున్నుంచి ఒక్కరూ రాలేదు. వాళ్ళ వెనకాల రెండుసార్లు అటూ ఇటూ నడిచాను కూడా. పేజీ చదువుతున్నారు, కొడుతున్నారు, నడుస్తోంది, పక్క పేజీకి వెళ్తున్నారు. మధ్యాహ్నం ఒకమ్మాయి మొహమాటంగా నా దగ్గరికి వస్తుంటే చున్నీ సర్దుకుని నిటారుగా కూర్చున్నాను. మంచినీళ్ళు ఎక్కడున్నాయండీ అని అడిగింది.

ఆ సాయంత్రం నేను ఎంత చిన్నబుచ్చుకున్నానో ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. ఎవరూ ఏమీ అడగకపోవడమే నాకు దక్కిన మెప్పని తెలుసుకోవడానికి చాలా ఏళ్ళు పట్టింది. తెలిసినా, చున్నీ సర్దుకుని రోజంతా ఎదురుచూసిన ఆనాటి నేను గుర్తొచ్చినప్పుడల్లా, ఆ పిల్ల పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, ఒక్క సందేహమైనా అడగాలనిపిస్తుంది.