ఏటి గాట్లు

మొన్న ఆదివారం మా ఆత్మకూరులో, బడిలో సోషల్ పాఠాలు చెప్పే మా అన్న కూతురు వీధిలోని కుర్రవాళ్లను వెంటేసుకుని, పాత ఇళ్లను కాపాడుకుందాం, ఒక్కో ఇంటి కథ బోర్డు మీద రాయించి పెడదాం అంటూ మా గుమ్మం ముందుకు వచ్చి, "చిన్నాయనా, మీ ద్వారబంధం మీద ఏటి గాట్లు ఉండేవంట గదా, ఏవీ?" అని అడిగేసరికి, అరవై ఎనిమిదేళ్లు వచ్చిన నేను గబుక్కున ఆ గుమ్మానికి అడ్డంగా జరిగి నిలబడ్డాను.

నా వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది. పెన్న పొంగి వీధిలోకి వచ్చిన ప్రతిసారీ, నీళ్లు తీసిన మర్నాడు, అవి ఎంతవరకు వచ్చాయో మా టేకు ద్వారబంధం మీద ఉలితో ఒక గాటు పెట్టించడం తాతల నాటి ఆచారం. గాటు పెట్టేటప్పుడు అంగళ్లవాళ్లు, సాయిబులు, బండ్లు తోలేవాళ్లు అన్న తేడా లేకుండా ఇంటికొకరు వచ్చి నిలబడాల్సిందే. పండగలకు మా అవ్వ గడపతో పాటు ఆ గాట్లకూ పసుపు రాసేది. వానాకాలంలో ఏరు ఎర్రబడితే చాలు, జనం మా గుమ్మం ముందు చేరి, ఈసారి ఏ గాటు దాకా వస్తుందోనని వాదించుకుని, వడ్ల మూటలు అటకెక్కించాలా వద్దా అన్నది అక్కడే తేల్చుకునేవారు.

నాకు కలిగిరిలో ఆఫీసు ఉద్యోగం వచ్చిన కొత్తలో, మా పై అధికారులను ఇంటికి భోజనానికి పిలిచాను. అంతకుముందు రోజు గుమ్మం వైపు చూస్తే, మశూచి మచ్చల మొహంలా ఆ గాట్లు నాకు మహా నామోషీగా అనిపించాయి. పైన ఆనకట్ట కట్టేశారు, ఇక ఏరు వీధిలోకి రాదు, ఇవి ఎందుకులే అనుకున్నాను. అవ్వ వింజమూరులో మా అత్త ఇంటికి వెళ్లి ఉంది. ఉదయగిరి నుంచి వచ్చి మా వీధిలో స్థిరపడిన వడ్రంగి సాయిబును, నేను మామా అని పిలిచే మనిషిని, పిలిపించి వాటిని నున్నగా చిత్రిక పట్టమన్నాను.

"వద్దు అబ్బయా, ఇది మీ ఒక్కరిది కాదు, వీధిది. అవ్వను రానీ" అన్నాడాయన.

"ఇల్లు మాదా, వీధిదా మామా? చెప్పిన పని చెయ్" అన్నాను. అంత పొగరు నాకు ఎక్కడి నుంచి వచ్చిందో! ఆయన పని ముగించాడు. రాలిన టేకు పొట్టును పొయ్యిలో వేసి అధికారులకు కాఫీ కాయించాను. వాళ్లు చేపల పులుసు మెచ్చుకుని వెళ్లారు గానీ, గుమ్మం వైపు కన్నెత్తి కూడా చూడలేదు.

అవ్వ తిరిగొచ్చి ద్వారబంధం తడిమి చూసింది. "ఏందిరా, ఏటిని చెరిపేసినావా?" అంది, అంతే. ఆపైన వచ్చిన ఉగాదికి, గాట్లు ఉండిన చోట్లు గుర్తుచేసుకుంటూ ఆ నున్నటి కొయ్యకే పసుపు రాసింది. నేను పెరట్లోకి వెళ్లిపోయాను.

ఇదంతా చెప్పాల్సిన చోట, మొన్న నేను ఆ పిల్లతో చెదలు తినేశాయని చెప్పాను.

"టేకుకు చెదలా?" అంది అనుమానంగా.

పాత తలుపుల బాగుచేత గురించి సలహా అడగడానికి ఆ కుర్రవాళ్లే కుర్చీ వేసి కూర్చోబెట్టిన సాయిబు మామ అక్కడే ఉన్నాడు. ఎనభై దాటిన మనిషి. నా వైపు ఒక్కసారి చూసి, "అవును తల్లీ, చెదలే. నాకే బుద్ధి లేక మొత్తం చిత్రిక పట్టేసినాను" అన్నాడు.

"ఎంత పని చేసినావు తాతా, కొంచెమన్నా ఉంచకూడదా?" అని ఒక కుర్రాడు నిష్ఠూరమాడాడు. ఆయన తల దించుకున్నాడు. నేను నోరు విప్పలేదు. గాట్లు తీయించిన నాటికంటే ఆ నిమిషానికే నాకు ఎక్కువ సిగ్గుగా ఉంది.

ఆనాడు ఒక గాటు పెట్టాలంటే అది నిజమని చెప్పడానికి వీధి వీధంతా వచ్చి నిలబడేది. మొన్న అదే వీధి నా అబద్ధాన్ని నమ్మి కాగితం మీద రాసుకుంది. అందుకే ఈ నాలుగు మాటలూ రాసి ముందుగా మా అన్న కూతురికి ఇస్తున్నాను. బోర్డు మీద చెదలూ వద్దు, సాయిబు మామా వద్దు, నా పేరే రాయించమ్మా. అది నిలబెట్టే రోజు ఇంటికొకరిని పిలువు, పాత పద్ధతిలో.