బొక్కెనలో తేరిన సముద్రం

1978. కృష్ణకు కొత్తనీరు వచ్చి, నది సముద్రంలో కలిసేచోట అలలు కూడా ఎర్రబారిన రోజులు. భవానీపురంలో ఒక నీటి పరీక్షల ప్రయోగశాలలో నా ఉద్యోగం. విమానానికి అమర్చిన మైక్రోవేవ్ రేడియోమీటర్‌ను సరిచూసే పని మాకు అప్పగించారు. ఆ యంత్రం సముద్రం మీదికి ఏ కిరణాన్నీ పంపదు. నీటి పైపొర తనంతట తాను వెలువరించే అతి స్వల్ప తరంగాలను అందుకుంటుంది. వాటి బలాన్నిబట్టి నీటి వేడినీ ఉప్పదనాన్నీ లెక్కగడతారు. ఆ లెక్కకు సాక్ష్యంగా, అదే వేళకు కింద పడవలోంచి నీరు తోడి కొలవాలి. దానికి ‘సీ ట్రూత్’, అంటే సముద్రం చెప్పే నిజం, అని పేరు.

మొదటి విడత అంకెలు పక్కపక్కన పెట్టి చూసి నిర్ఘాంతపోయాం. పడవ చెప్పిన వేడి కంటే యంత్రం చెప్పినది బాగా తక్కువ. ఉప్పదనం లెక్కకు పడవ వేడినే తీసుకున్నాం కనుక అదీ సీసాల్లో పట్టి తెచ్చిన నీటి పరీక్షతో పొసగలేదు. పరిశీలనకు వచ్చిన పై అధికారి కాగితాలు మూసి, “విమానంలోంచి ఆ పెట్టె విప్పించేయండి. పడవ అబద్ధం చెప్పదు కదండీ” అన్నారు. దాన్ని ఏళ్ళ తరబడి శ్రమించి నిర్మించిన ఇంజనీరు జాన్ రత్నం గారు ఆ కాగితాలు మళ్ళీ తెరిచి అంకెలు మొదటినుంచి సరిచూడసాగారు.

నాకు మండుకొచ్చింది. రెండంకెలు తగవు పడితే ఒకదాన్నే బోనెక్కించడం ఏ పద్ధతి? పెట్టె పనికిరాదనే రిపోర్టుపై సంతకం పెట్టకుండా, మర్నాడు విమానం వచ్చే వేళకు నేనే పడవెక్కాను.

కొలతలు తీసే అసిస్టెంటు సుబ్బారావు గారిది చల్లపల్లి; శుభ్రతకూ శ్రద్ధకూ పెట్టింది పేరు. బొక్కెనతో నీరు తోడి, జేబులోంచి థర్మామీటరుకు బదులు చిల్లగింజ తీశారు. బొక్కెన లోపల దాన్ని రుద్ది, నీటిని ఒకసారి తిప్పి, ఎండలో పెట్టి, తీరిగ్గా కూర్చున్నారు. ఇదేమిటని అడిగాను.

“ఈ గింజ రుద్దితే మట్టి అడుక్కు దిగుతుందండి. తేరనివ్వాలి కదా. బురదలో ముంచితే గీతలు కనపడి చావవు. అయినా వరద నీళ్ళు తేర్చకుండా మా ఇంట్లో గేదెలక్కూడా పెట్టరండి.”

“రోజూ ఇంతేనా?”

“ఒక్కనాడూ మానలేదండి,” అన్నారు, మెచ్చుకుంటాననే నమ్మకంతో.

మేము కొలుస్తున్నది సముద్రాన్ని కాదు, ఎండకు కాగిన బొక్కెనెడు నీళ్ళను. మళ్ళీ తోడించి, గీతలు పైకి ఉండేలా థర్మామీటరు బుడ్డిని మాత్రమే వెంటనే ముంచాను. సాయంత్రం చూస్తే యంత్రం చెప్పిన వేడి దానికి సరిపోయింది. ఆ వేడితో కట్టిన ఉప్పదనం, సీసాలో పట్టి తెచ్చిన నీటి పరీక్షకు దగ్గరగా వచ్చింది.

అసలు దిగ్భ్రాంతి ఆ తరవాత. “రిపోర్టు టైపైపోయింది కదండీ, ఇప్పుడెలా?” అన్నారు పై అధికారి.

“సముద్రాన్ని మార్చలేమండి. రిపోర్టే మార్చాలి,” అన్నాను.

మార్చారు. పెట్టె విమానంలోనే ఉండిపోయింది. రత్నం గారు మొదటిసారి నవ్వి, రేపటినుంచి సుబ్బారావు గారి జేబులు తడిమి పడవెక్కించమన్నారు.

కొత్తది కనుక యంత్రాన్ని అందరమూ శంకించాం. బొక్కెనను మాత్రం ఒక్కరమూ శంకించలేదు. ఆ తరవాత ఏ పరికరం మీద ఫిర్యాదు వచ్చినా, దానికి ఎదురు సాక్ష్యం ఎలా పుట్టిందో నా కళ్ళతో చూశాకే సంతకం పెట్టాను.