లోపల ఎవరూ లేరన్నాను

ఈ మాట ఏళ్ళ తరబడి నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. కట్టుకున్న భార్యకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే మీకు చెప్పడానికి ధైర్యం చేస్తున్నాను. ధైర్యం అని అంటున్నానే గానీ, ఈ నాలుగు ముక్కలు రాసేలోపే రెండుసార్లు లేచి తలుపు గడియ చూసి వచ్చాను. ఎవరొస్తారని? ఎవరూ రారు. అయినా భయమే.

నేను డ్రైవర్ని. నడవలేనివాళ్ళను ఇంటి నుంచి దవాఖానకు తీసుకెళ్ళి, మళ్ళీ ఇంటికి చేర్చే వ్యాను నడుపుతాను. గోదావరిఖనిలో ఒక సంస్థ దీన్ని ఉచితంగా నడుపుతోంది. వెనక తలుపు తీస్తే ఇనప పలక కిందికి వాలుతుంది. దాని మీదుగా చక్రాల కుర్చీ ఎక్కించి, బెల్టులతో నేలకు బిగిస్తాం. సంస్థ నడిపే మేడమ్ మొదటిరోజే గట్టిగా చెప్పింది: ఎక్కినవాళ్ళను గడప లోపలికి చేర్చేదాకా వదలకూడదు, బయటివాళ్ళను ఎక్కించకూడదు. ఏది తప్పినా పని ఊడుతుంది.

సరిత నా బండిలో వచ్చే అమ్మాయి. చిన్నప్పుడు జ్వరం వచ్చి కాళ్ళు పడిపోయాయి. చేతులు మాత్రం బంగారం. చేతితో తిప్పే మిషను మీద బ్లౌజులు కుట్టి ఇల్లు నడిపేది. నన్ను 'అన్న' అనేది. వాళ్ళ ఊరు ఓపెన్‌కాస్ట్ గని అవతల ఉంటుంది. దారిలో గని కోసం ఖాళీ చేయించిన ఒక పల్లె, దాని పాత బస్టాపు. గోడలు మూడే మిగిలాయి, పైన రేకు.

ఆ మధ్యాహ్నం సరితను దింపడానికి వెళ్తుంటే ఆ బస్టాపు దగ్గర మా బావ, మరో ముగ్గురు అడ్డం నిలబడ్డారు. వాళ్ళ బండి చెడిపోయింది. గనిలో రెండో షిఫ్టుకు ఆలస్యమైతే ఆ రోజు హాజరు పడదు. "జర గేటు దాక కొట్టు బామ్మర్ది, మస్టర్ పోతది," అన్నాడు బావ. నాకు ఈ పని ఇప్పించింది ఆయనే. కాదంటే ఆ కోపం మా అక్క మీద చూపిస్తాడు. చక్రాల కుర్చీ ఉంటే బండిలో నలుగురు పట్టరు. సరితే నా మొహం చూసి, "నన్ను దించి పో అన్న, జల్ది రా," అంది. రేకు కింద నీడలో దించాను.

షిఫ్టు మారే వేళకే గనిలో బ్లాస్టింగ్ పెడతారు. అది నాకు తెలియదా? ఈ బొగ్గు ఊళ్ళలోనే పుట్టి పెరిగినవాణ్ణి. తెలిసీ ఎలా దించాను? సైరన్ మోగేలోపే పోయి వచ్చేయొచ్చు అనుకున్నాను.

బావను దింపి తిరిగి వస్తుంటే సైరన్ మోగింది. రోడ్డుకు అడ్డంగా తాడు. తాడు దగ్గర ఎర్రజెండాతో ముసలాయన, కాంట్రాక్టు మనిషి. పక్కనే మేడమ్ కారు. ఎక్కడికో వెళ్తూ ఆగిపోయింది. అద్దాలు ఎత్తి ఉన్నాయి. నన్ను చూసి తల ఊపింది. సరితను మధ్యలో దించానని తెలిస్తే నా పని అక్కడే ఊడుతుంది.

అందరూ 'జెండా కాక' అని పిలిచే ఆ ముసలాయన నా దగ్గరికి వచ్చాడు. ఆఖరున బయటికి వచ్చిన బండిని అడిగి, ఆ తర్వాతే 'సాఫ్', అంటే లోపల ఎవరూ లేరని, విజిల్ వేయడం వాళ్ళ పద్ధతి.

"ఇందాక ఆ దిక్కు నుంచి వచ్చింది నువ్వే గదా బిడ్డా. లోపట ఎవలన్న ఉన్నరా?"

"ఎవ్వలు లేరు కాక."

"మంచిగ చూసినవా?"

"చూసిన."

ఆయన విజిల్ వేశాడు. అవతలి నుంచి ఇంకో విజిల్ పలికింది. అప్పుడు అరుద్దామని నోరు తెరిచాను. నిజంగా తెరిచాను, నమ్మండి. నోరు పెగల్లేదు. లేక పెగలనివ్వలేదా? ఒక్క కేక వేసి ఉంటే అంతా ఆగిపోయేది. మేడమ్ దిగి వచ్చి అడిగేది, నా పని పోయేది, అంతే కదా. ఒక మనిషి ప్రాణం ఒకవైపు, నా నౌకరీ ఒకవైపు పెట్టుకుని నేను స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నాను. నేల అదిరింది.

తాడు తీయగానే బండిని ఉరికించాను. దుమ్ములో ఏమీ కనపడలేదు. రేకు ఒకవైపు కూలింది. సరిత కుర్చీ నుంచి కిందపడి, పాక్కుంటూ గోడ మూలకు చేరింది. కుడిచేయి రాయి కింద నలిగి ఉంది. ఆమె అరవడం లేదు. కళ్ళు పెద్దవి చేసి నన్నే చూస్తోంది.

వెనకే మేడమ్ దిగింది. "ఈ పిల్లని ఇక్కడ ఎవరు దించారు?" అంది. ఆ నొప్పిలోనే సరిత పలికింది. "నేనే దించమన్న మేడమ్. కడుపుల తిప్పింది. నీళ్ళు తెమ్మని అన్నను నేనే పంపిన." నా కోసం అబద్ధం ఆడింది. ఆగి, "జెండా కాడ అన్న చెప్పే ఉంటడు," అంది.

ఇద్దరూ నా వైపు తిరిగారు.

"చెప్పిన. ఆయన వినలే," అన్నాను.

"ఇతను అతనితో మాట్లాడటం నేను చూశాను," అంది మేడమ్. ఆమె చూసింది నిజమే. వినలేదు.

జెండా కాక పని పోయింది. "లేరన్నవు గదా బిడ్డా," అని విచారణలో ఒక్కసారి అన్నాడు, నా మొహంలోకి చూసి; సరిత అప్పుడు దవాఖానలో ఉంది. ఎవరూ నమ్మలేదు. నేను తల దించుకున్నాను. ఆయన మందమర్రిలో కూతురి ఇంటికి వెళ్ళిపోయాడు. సరితకు రెండు వేళ్ళు తీసేశారు. ఇక కత్తెర పట్టలేదు. మిషను అమ్మేసింది. ఇప్పటికీ నా బండిలోనే దవాఖానకు వస్తుంది. ఇప్పటికీ 'అన్న' అంటుంది. సైరన్ వినిపిస్తే మాత్రం నేను బండి అద్దాలు ఎత్తేస్తాను.

ఇన్నాళ్ళూ నా భయం ఒక్కటే, ఆ ముసలాయన ఎప్పుడో ఎదురుపడి ఆమె ముందు ఆ మాట అంటాడని. పోయిన వారం మేడమ్ కొత్తవాళ్ళ పేర్లు చదివింది. అందులో ఆయన పేరు ఉంది. పక్షవాతం వచ్చిందట, కొడుకు ఇక్కడికి తెచ్చుకున్నాడట. నా పై ప్రాణాలు పైనే పోయాయి. "పాపం, మాట కూడా పడిపోయింది," అంది మేడమ్.

అప్పుడు నాకేం అనిపించిందో చెప్పనా? హమ్మయ్య అనిపించింది. ఛీ, నేనూ ఒక మనిషినేనా? ఒక ముసలివాడి నోరు పడిపోతే నా ప్రాణం కుదుటపడింది. ఆ క్షణం నుంచి నాకు ఆయనంటే భయం లేదు, నేనంటేనే భయం.

ఆయన వస్తున్న సంగతి సరితకు తెలిసింది. ఆమె ఆయన మీద కోపగించుకోలేదు. "రానియ్యి అన్న. ఎంత ఏడ్చిండో ఏమో. ఏం మనసుల పెట్టుకోవద్దని నేనే చెప్త," అంది. రేపు పొద్దున ఇద్దరి కుర్చీలూ నా బండిలో పక్కపక్కన బిగించాలి. ఆమె ఆయన చేయి పట్టుకుని క్షమించాను అంటుంది. ఆయన ఏమీ అనలేడు. బండి ముందు అద్దంలోంచి నా వైపు మాత్రం చూస్తాడు. ఆ అద్దంలో నేను ఎటు చూడను?

ఆమె చేయి చాపేలోపే నేను చెప్పాలి. చెబుతానా? బావ మీద, మేడమ్ మీద, నా పిల్లల మీద నెపం పెట్టి మళ్ళీ మింగేస్తానా? ఒట్టు వేయను, నా ఒట్టు మీద నాకే నమ్మకం లేదు. క్షమించమని మిమ్మల్నీ అడగను, అది మీ చేతిలో లేదు. కానీ ఊపిరి కొంచెం ఆడుతోంది. సరిత లోపల ఉందని ఇవాళ మొదటిసారి ఒక మనిషికి చెప్పాను.