నా కళ్లకు నేనే ధర చెప్పిన ఆదివారం

రాయచూరులో మా బజారు వీధిలో బేరంలో దెబ్బతిన్నవాళ్లు చాలామందే ఉన్నారు. కానీ ఇచ్చే ఉద్దేశమే లేకుండా వెళ్లి, తన రెండు కళ్లకు తానే ధర చెప్పి, తానే ఒప్పుకుని, పైగా గెలిచానని కాలరెగరేసుకుంటూ ఇంటికి వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ రికార్డు ఈనాటికీ నా పేరు మీదే ఉంది. ఆ రోజుల్లో, అంటే మీసం సరిగ్గా కుదురుకుంటున్న వయసులో, నాకు వచ్చినవి రెండే విద్యలు. గిన్నెను వేలితో కొట్టి, మోత విని దాని మందం చెప్పడం ఒకటి. ఎవరేం అడిగినా సగానికి దించడం రెండోది. మా నాన్న పాత్రల అంగట్లో పెరిగినవాడికి ఇంతకన్నా చదువేం కావాలి? అయితే ఈ రెండో విద్యను ఎక్కడ ఆపాలో మాత్రం ఎవరూ నేర్పలేదు. (జ్వరం వచ్చినప్పుడు నర్సు మూడు సూదులు వెయ్యాలంటే, "రెండు చేసుకోండి మేడం, రెగ్యులర్‌గా వస్తుంటం" అన్నవాణ్ణి.)

అసలు ఆదివారాల కూటంలో నేను చేరింది కూడా బేరంలో భాగంగానే. రిటైరైన లెక్చరర్ సార్ ఒకాయన చాయ్‌కి స్టీలు గ్లాసులు కొనడానికి వచ్చారు. నేను దిగలేదు, ఆయన వదల్లేదు. చివరికి ఆయనే, "తగ్గించకు పో, చిన్న సావుకారీ! గానీ ఆదివారం మా మానవవాదుల కూటానికి రా. డిస్కౌంటు బదులు నీ చెవులు గంటసేపు ఇయ్యి, సాలు" అన్నారు. చెవులకు ఖర్చేముందని ఒప్పుకున్నాను.

జిరాక్సు దుకాణం మీద ఒక ట్యూషన్ హాలు. దేవుడి పటం లేదు, ప్రార్థన లేదు, అతిథికి దండ లేదు. కులం, దేవుడు, ఎవరు పెద్ద ఎవరు చిన్న అనేవన్నీ మెట్ల దగ్గర చెప్పులతో పాటు విడిచి రావాలి. వారానికొక అతిథి వచ్చి మాట్లాడతాడు, తర్వాత ఎవరైనా ఏమైనా అడగొచ్చు. నేను వెళ్లిన మొదటి వారం పాములు పట్టే ఒకాయన పాము పాలు తాగదని చెప్పాడు. వెనక నుంచి ఎవరో "మా మల్లట్ ఊర్ల తాగింది గద?" అంటే, "దప్పికైతె అది నీ చాయ్ గూడ తాగుతది" అన్నాడు. తర్వాతి వారం రైల్వేలో పనిచేసిన పెద్దమనిషి గ్రహణాల గురించి చెప్పి, సరిగ్గా గ్రహణం పట్టే వేళకు అందరికీ మండక్కి, అంటే మరమరాలు, మిర్చి పెట్టించాడు. నేను అందరికన్నా ముందు ధైర్యంగా తిన్నాను. (జేబులో గరిక ఉందన్న సంగతి ఎవరికీ చెప్పలేదు. రెండు వైపులా ఖాతా తెరిచి ఉంచడం మా వాళ్ల అలవాటు.)

ఆ పై వారం అతిథి ఒక కళ్ల డాక్టరమ్మ. సింధనూరు దగ్గర క్యాంపులో, ఆంధ్ర నుంచి వచ్చి కాలువ కింద వరి పండించే కుటుంబంలో పుట్టినామె. మాట నెమ్మది, చూపు మాత్రం తక్కెడ ముల్లులా కదలదు. చనిపోయాక కళ్లు ఇవ్వొచ్చని, శరీరం మొత్తాన్ని మెడికల్ కాలేజీకి ఇస్తే పిల్లలు చదువుకుంటారని చెప్పి, "మొత్తం ఇచ్చెయ్యండి. అప్పుడు మీకేం పనికొస్తుందండీ అది?" అన్నారు.

ఎదుటివాళ్లు 'మొత్తం' అంటే కూర్చోగలిగే రక్తం కాదు నాది. లేచి నిలబడ్డాను. "మేడం, మొత్తం బాడీ అంటె శాన ఎక్కువైతది. జర తగ్గించండ్రి."

హాలంతా నవ్వింది. ఆమె నవ్వలేదు. "సరే, మీరెంతకిస్తారో చెప్పండి బాబూ."

"ఒక్క కన్ను."

"ఒక్క కన్నా! మీ అంగట్లో మూత లేకుండా కుక్కరు అమ్ముతారా?"

ఇది నా వృత్తి మీద దెబ్బ. "అయితె రెండు కండ్లు. గంతకు మించి ఒక్కటి గూడ ఇయ్య. ఆఖరి మాట."

"ఆఖరేనా?"

"ఆఖరే."

"తీసుకున్నానండీ" అని డాక్టరమ్మ కార్డు తీశారు. చప్పట్లు! లెక్చరర్ సార్ లేచి, "చిన్న సావుకారు మాటంటే మాటే" అని ప్రకటించారు కూడా. నిలువెత్తు మనిషిని రెండు కళ్లకు దించిన మొనగాణ్ణి కదా, ఛాతీ ఉబ్బిపోయింది. మెట్లు దిగి చెప్పులు వేసుకుంటుంటే అప్పుడు వెలిగింది, నేను వచ్చింది ఏమీ ఇవ్వడానికి కాదని. చేతిలో కార్డు ఉంది. దాని మీద ఇంట్లోవాళ్లు ఒకరు సంతకం పెట్టి, వచ్చే ఆదివారం తెచ్చివ్వాలి. ఎందుకంటే, డాక్టరమ్మ అన్నట్టు, "మీరు పోయిన రోజు మాకు ఫోను చేసేది మీరు కాదు కదండీ!"

సంగతి విని నాన్న గల్లా దగ్గర నుంచి కదలకుండా, "కొననోడు ధర చెప్పొద్దు అని నీకు పాలు తాగేటప్పటిసంది చెప్తున్న" అన్నాడు. ధర చెప్పి, ఎదుటివాడు ఒప్పుకున్నాక వెనక్కి పోయినవాణ్ణి మా బజారులో మనిషిగా చూడరు. అందుకే ఆయన సంతకం పెడతాననీ అనలేదు, పెట్టననీ అనలేదు. అమ్మ మాత్రం చేట కింద పెట్టేసింది. ఆమెకు పుణ్యపాపాల బాధ లేదు, బాధంతా వేరే. "నేను ముందుగాల పైకి పోయి ఆడ కూసుంట. నువ్వు కండ్లు ఈడ్నే ఇచ్చి వస్తె, ఆడ నన్నెట్ల గుర్తువడ్తవురా? ఎవ్వరెంబడి పోతవో ఏమో!" అంది. ఆ రాత్రి నాకు అన్నం వడ్డించింది గానీ, తిన్నానో లేదో చూడలేదు. ఇటు మాట, అటు అమ్మ. జీవితంలో మొదటిసారి, రెండింటి మధ్య సగానికి దించడానికి దారి కనపడలేదు.

వారమంతా అమ్మ తనలో తాను గొణుక్కుంటూ తయారైంది. ఆదివారం పెళ్లిళ్లకు కట్టే చీర కట్టుకుని, నన్ను వెనకేసుకుని ఆ మెట్లెక్కింది. కార్డులు తీసుకోవడానికి వచ్చిన డాక్టరమ్మ ముందుకెళ్లి నిలబడింది.

"అమ్మా, మా పిల్లగాడు తెలివిలేక మాటిచ్చిండు. వాపస్ ఇచ్చెయ్యి."

"అలాగేనమ్మా" అని డాక్టరమ్మ నా చేతిలో కార్డు తీసుకుని రెండుగా చింపేశారు. "ఇష్టంగా ఇస్తేనే తీసుకుంటాం."

అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదని మా అంగడి గోడ మీద మూడు భాషల్లో రాసి ఉంటుంది. అమ్మ సిద్ధం చేసుకొచ్చిన ఏడుపు, శాపాలు, బతిమాలుడు అన్నిటికీ ఒక్క నిమిషంలో గిరాకీ లేకుండా పోయింది.

"గంతేనా?"

"అంతేనమ్మా."

"నీకు కోపం రాలె?"

"కోపం దేనికండీ? కళ్లు ఆ అబ్బాయివేగా."

అమ్మ నా వైపు తిరిగి, హాలంతటికీ వినపడే గుసగుసతో, "అడగంగనె వాపస్ ఇచ్చిందంటె, మాల్‌ల లోపం లేదురా" అంది. కుర్చీ లాక్కుని కూర్చుంది. "గా కండ్లు పెట్టిచ్చుకున్నోళ్లకు నిజంగ కనవడ్తదా?"

"దేవదుర్గ వైపు ఒకామె ఉందమ్మా, ఊళ్లు తిరిగి కూలి చేసుకునే మనిషి. కంట్లో ముల్లు గుచ్చుకుని చూపు పోయింది. ఎవరో ఇచ్చిన కన్ను పెట్టాం. ఇప్పుడు కూతురికి తలలో పేలు తీస్తోంది."

"పేలు గూడ కనవడ్తయా?"

"ఒక్కటి వదలదండీ!"

అమ్మ కుర్చీ ఇంకాస్త ముందుకు జరుపుకుంది. సరుకు నాణ్యానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదనుకుంది కాబోలు. "అయితె నావి రాసుకో."

"అమ్మా!" అన్నాను.

"నువ్వు సప్పుడు చెయ్యకు. అమ్మా, నీకు కావల్సింది రెండు కండ్లు. వానివైతె ఏంది, నావైతె ఏంది? వానికి కండ్లుంటె వాడే వచ్చి నన్ను గుర్తువట్టి చెయ్యి పట్టుకుంటడు."

"బదులేమీ ఇవ్వక్కర్లేదమ్మా..." అన్నారు డాక్టరమ్మ. ఈలోగా లెక్చరర్ సార్‌కు సిద్ధాంతం గుర్తొచ్చింది. "అమ్మా, అసలు పరలోకమనేదే లేదమ్మా" అన్నారు.

"లేకుంటె ఇంక మంచిదే గద సార్! అప్పుడు కండ్లతోని పనేముంది?"

ఆ హాలులో ఎందరో అతిథులు ఎన్నో ప్రసంగాలు చేశారు గానీ, సార్ ఒక మాటను నోటుబుక్కులో రాసుకుంది ఆ రోజొక్కటే. అమ్మ రెండు షరతులు పెట్టింది. కళ్లు తీసుకోవడానికి వచ్చేవాళ్లు చెప్పులు బయట విడవాలి, నుదుటి బొట్టు చెదరకూడదు. డాక్టరమ్మ రెండింటికీ బేరమాడకుండా ఒప్పుకున్నారు. నాన్న ఈసారి వెంటనే సంతకం పెట్టాడు. నేను మాత్రం ఒక్క వెంట్రుక కూడా ఇవ్వక్కర్లేకుండా బయటపడ్డాను. నా బేరాల్లో అంత లాభసాటిది మరొకటి లేదు, అంత సిగ్గనిపించినదీ లేదు.

చాలా ఏళ్లకు అమ్మ పోయిన రోజున ఫోను చేసింది నాన్నే. కళ్ల ఆసుపత్రి నుంచి ఇద్దరు కుర్రాళ్లు వచ్చి, చెప్పులు గడప అవతల విడిచి, పని ముగించుకుని వెళ్లారు. వంగి చూశాను, బొట్టు చెదరలేదు. ఆ తర్వాత ఒక ఆదివారం మళ్లీ ఆ మెట్లెక్కి శరీరదానం కాగితం అడిగాను. ముసలివారైపోయిన లెక్చరర్ సార్, "తగ్గించుమని అడుగవా, చిన్న సావుకారీ?" అన్నారు. "అడిగిన ధరకే సార్" అన్నాను. సాక్షి సంతకం మా ఆవిడ పెట్టింది. "ఇంట్ల ఉన్నన్ని దినాలు ఒక్క పనికి రాలె, ఆడనన్న పనికొస్తడు" అంటూ సంతోషంగానే పెట్టింది. ఇప్పుడు అమ్మకూ కళ్లు లేవు, నాకూ ఉండవు. పరవాలేదు. పైలోకమంటూ ఉంటే అమ్మ అక్కడ ఎవరితోనో ఒకరితో బేరమాడకుండా ఉండదు, ఆ గొంతు పట్టుకుని వెళ్లిపోతాను.

ఇక ఆఖరి బిల్లు, నిజాయితీగా. ఆ ఆదివారం వాళ్లు అడిగింది నా మొత్తం శరీరం. నేను దాన్ని రెండు కళ్లకు దించాను, అమ్మ సున్నాకు దించింది. తీరా తేలింది నా మొత్తం శరీరం, పైన అమ్మ కళ్లు. ఇంత బేరమాడి, అడిగినదానికన్నా ఎక్కువ ఇచ్చుకున్న ఇల్లు మా బజారులో మరొకటి లేదు. సరుకు అందజేసే తేదీ గురించి మాత్రం బేరం ఇంకా సాగుతూనే ఉంది.